ఏడుపు ఆపిన చెంచా

పసిపిల్లలు నోట్లో వేలు పెడితే కొరకలేరంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ నా కుర్చీ పక్కన నిలబడి ఉండరు. పిల్లల పళ్ల డాక్టర్ని. నా చూపుడువేలు నిండా గాట్లే. అయినా నా గదిలో ఏడ్చే పిల్లంటేనే నాకు ధైర్యం. గొంతు చించుకుంటోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట.

ఆ రోజు వచ్చిన రెండేళ్ల పాప ఏడవలేదు. స్నానాలగది గడప తట్టుకుని బోర్లా పడిందట. పెదవి వాచింది, గౌను ముందంతా రక్తం. తల్లి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అమ్మమ్మ మాత్రం తొణక్కుండా చేతిరుమాలు విప్పి, ఊడిన పాలపన్ను నా ముందు పెట్టింది.

"మళ్లీ అతికించచ్చేమో చూడండి డాక్టరమ్మా."

"పాలపన్ను అతికించకూడదు. లోపలున్న అసలు పన్ను పాడవుతుంది," అని కసిరి, తడిగుడ్డతో రక్తం తుడిచాను. పైచిగురులో గుంటలు రెండు కనిపించాయి.

"రెండోదేది?"

"మింగేసుంటుంది. రేపు అదే పోతుందిలెండి," అంది అమ్మమ్మ. "అబ్బో, ఇల్లు పీకి పందిరేసిందనుకోండి! వీళ్లమ్మేమో కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయింది. నేనే చెంచాడు పంచదార నోట్లో పోశా. ఠక్కున ఆగిపోయింది. నలుగుర్ని పెంచిన చెయ్యండీ ఇది!"

"తర్వాత బాగా దగ్గింది," అంది తల్లి మెల్లగా.

చేతిలో గుడ్డ పక్కన పడేశాను. వెక్కివెక్కి ఏడ్చే పిల్ల నోట్లో పోసినదంతా పొట్టలోకే పోదు. స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఎడమవైపు గాలి బాగానే ఆడుతోంది. కుడివైపు సన్నటి ఈల. ఎక్స్‌రేలో ఆ పన్ను కుడి ఊపిరితిత్తి గొట్టంలో తెల్లగా కనిపించింది.

పై అంతస్తులో సర్జన్ దాచకుండా చెప్పాడు. "తీయక తప్పదు. తీసేటప్పుడు జారిందంటే పెద్ద గొట్టానికే అడ్డం పడి ఊపిరి ఆగిపోవచ్చు."

ఆపరేషన్ గది బయట బెంచీ మీద అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. ఇందాకటి గొప్పలన్నీ ఎటు పోయాయో.

"నా చేత్తో నేనే పోశాను కదమ్మా?"

ఎవర్నైనా ఎడాపెడా తిట్టే నా నోరు ఈసారి మెత్తబడింది. "పడ్డప్పుడే పోయుండచ్చు," అన్నాను. అదీ నిజం కావచ్చు. ఆమె నమ్మలేదు.

"అది ఒక్కసారి ఏడిస్తే చాలు. ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడవనీ. ఇంకెప్పుడూ ఆపను."

తలుపు తెరిచి సర్జన్, గోడకానుకుని నిలబడ్డ తల్లినొక్కదాన్నే లోపలికి పిలిచాడు. తలుపు మళ్లీ మూసుకుంది. కాసేపటికి లోపలి నుంచి పెద్దగా ఏడుపు వినిపించింది.

అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఏడ్చింది! విన్నారా, నా బంగారం ఏడ్చింది!"

విన్నాను. పొద్దస్తమానం పిల్లల ఏడుపుల మధ్య బతికేదాన్ని, నేనెలా పొరబడతాను? ఆ ఏడ్చింది పాప కాదు. పాప తల్లి.