సేటుకు తొమ్మిది మార్కులు

కృప టీచరు ఫోనులో ఉచితంగా దొరికేవాటి కోసం వెతకడం మొదలుపెడితే, ఆ ఫోను వేడికి పక్కనున్న చాయ్ గంటసేపు చల్లారేది కాదు. నమ్మకపోతే దయానందం సారును అడగండి. ఆ బడికి హెడ్‌మాస్టరు ఆయనే, ఆ చాయ్ తాగి నాలుక కాల్చుకున్నదీ ఆయనే.

మొయినాబాద్ నుంచి సురంగల్ వైపు పోయే రోడ్డును ఆనుకుని ఉన్న చిన్న సర్కారు బడి అది. పిల్లలు ముప్ఫై ఒక్కరు, చదువు చెప్పేవాళ్లు ఈ ఇద్దరే. ఏ ట్రస్టు గ్లోబులు పంచుతోందో, ఏ బ్యాంకు చార్టులు ఇస్తోందో, ఏ కంపెనీ టీచర్లకు పోటీ పెట్టిందో అన్నీ కృప నాలుక చివరనే ఉండేవి. రెండేళ్లలో నలభై ఒక్క దరఖాస్తులు పెట్టింది. వచ్చినవి రెండు. ఒకటి గ్లోబు, దాని మీద ఆస్ట్రేలియా ఉండాల్సిన చోట కంపెనీ స్టిక్కరు ఉంది. రెండోది గుమ్మడి విత్తనాల పొట్లం. ఆ పాదుకు కాసిన కాయను కదిలించడానికి జేసీబీ పిలిచారని వంట చేసే సరోజమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

పుస్తకాలు మాత్రం రాలేదు. బడిలో కథల పుస్తకాలు తొమ్మిది ఉండేవి, రెండింటిని మేక తినేసింది. మిగిలిన ఏడింటినీ నాలుగో తరగతి అక్షిత ఎన్నిసార్లు చదివిందంటే, అక్షరాలు అరిగిపోయి కాగితం తెల్లబడింది. ఇక చదవడానికి ఏమీ లేక ఆ పిల్ల యూరియా బస్తాలు చదువుతోంది, పురుగుమందు డబ్బాల మీది జాగ్రత్తలు చదువుతోంది. అది చూసినప్పుడల్లా కృప మళ్లీ ఫోను చేతిలోకి తీసుకునేది.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం ఆమెకు నలభై రెండో అవకాశం దొరికింది. నగరంలో ఎవరో ఒక ట్రస్టువాళ్లు ‘పాఠం చెప్పే గోడ’ అని పోటీ పెట్టారు. బడి బయటి గోడ దారిన పోయేవాళ్లకు ఏదైనా నేర్పాలి. గెలిస్తే మూడు వందల కథల పుస్తకాలు, రెండు బీరువాలు. బడితో సంబంధం లేని పెద్దమనిషి ఒకరు ఆ గోడ చూసి ఏం నేర్చుకున్నాడో సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి. గడువు శనివారం సాయంత్రం ఐదు.

గోడ ఉంది. కానీ దాని మీద ధనరాజ్ సేటు ఉన్నాడు.

మూడేళ్ల కింద వానకు గోడ కూలితే, మొయినాబాద్‌లో సిమెంటు దుకాణం నడిపే ధనరాజ్ సేటు పది బస్తాలు ఇచ్చాడు. గోడ లేచిన మర్నాడే దానికి పసుపు రంగు కొట్టించి, నీలం అక్షరాలతో తన దుకాణం ప్రకటన రాయించుకున్నాడు. ఆ పసుపు ఎంత పసుపంటే, దాని ముందు మేసిన తెల్లకోళ్లు సాయంత్రానికి పచ్చగా ఇల్లు చేరేవి. ఆ అక్షరాలు ఎంత పెద్దవంటే, చేవెళ్ల బస్సులో నిద్రపోయేవాళ్లు కూడా కళ్లు మూసుకునే చదివేవారు.

కృప దయానందం సారును వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లింది.

“సేటు, ఒక్క వారం ఆ గోడ మాకియ్యుండ్రి. పోటీ అయినంక మళ్ల మీ రాతలు మీరే రాయించుకోండ్రి” అంది.

ధనరాజ్ కుర్చీలోంచి లేవలేదు. “ఏం టీచరమ్మా, గ్లోబు అడుక్కున్నవ్, ఇత్తనాలు అడుక్కున్నవ్, ఇప్పుడు నా గోడ అడుక్కుంటానికి వచ్చినవా? సర్కారు జీతం సాలుతలేదా?”

“నాకోసం కాదు సేటు. పిల్లల పుస్తకాల కోసం.”

“పుస్తకాలు సదివి ఏం జేస్తరు? నేను ఏడో తరగతి ఫెయిల్. నా గుమస్తా డిగ్రీ పాస్. ఎవడు ఎవనికి సలాం గొడుతుండో జర చూడు” అన్నాడు. బస్తాలు మోసేవాళ్లు పకపకా నవ్వారు. గుమస్తా కూడా నవ్వాల్సి వచ్చింది.

“బడి గోడ కదా సేటు, పిల్లలది” అని దయానందం సారు గొణిగాడు.

“నా సిమెంటు నాకు వాపస్ ఇయ్యుండ్రి, అప్పుడు గోడ ఎంత మిగులుతదో అంత పిల్లలది. ఇగో టీచరమ్మా, చెవులు పెట్టి ఇను. దాని మీద ఒక్క అక్షరం చెరిపినా, జర గోకినా, నిన్ను ఈ మండలం దాటిస్త.”

“చెరప” అంది కృప. “ఒక్క అక్షరం గూడ చెరప.”

అలా అన్నప్పుడు ఆమె దగ్గర ఏ ఉపాయమూ లేదు, ఒట్టి కోపమే ఉంది. ఆ కోపానికి ఎండిన వేపపుల్లలు అంటుకుంటాయేమోనని సారు ఆమెను గబగబా రోడ్డు దాటించాడు.

మంగళవారం ఆమె మూడు, నాలుగు, ఐదు తరగతులను కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్పింది: ‘శంకర్‌పల్లి అంగడిలో నాణ్యమైన కూరగాయలు మంచి ధరలకు లభించును.’ నోటుబుక్కులు తీసుకుని చూస్తే ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, అందరూ ‘నాన్యమైన’ అనే రాశారు. ‘దరలకు’ అనే రాశారు. ‘లబించును’ అనే రాశారు. చూసి రాశారంటే అంతా అక్షితను చూసి రాయాలి, ఆ పిల్లేమో అందరికీ దూరంగా కిటికీ దగ్గర కూర్చుంది.

“నువ్వు గూడనా అక్షితా? నీకు గిట్ల ఎవరు నేర్పిన్రు?”

“తప్పు కాదు టీచర్” అంది అక్షిత ధైర్యంగా. “గోడ మీద గట్లనే ఉన్నది.”

“ఏ గోడ?”

“మన గోడనే. నేను రోజూ సదువుత.”

కృప చాక్‌పీసు చేత్తోనే బయటికి వచ్చింది. మూడేళ్లుగా రోజుకు రెండుసార్లు చూస్తున్న గోడను మొదటిసారి చదివింది.

‘ఇచ్చట నాన్యమైన సిమేంటు, ఇస్టీలు సరసమైన దరలకు లబించును. ఒక్కసారి వచ్చి చుడండి.’

ఆరు తప్పులు. ఒక్కో తప్పు గేదె దూడంత ఉంది. తాను నల్లబల్ల మీద గోరంత అక్షరాలతో నేర్పిందంతా బయట ఈ గోడ మనిషంత అక్షరాలతో చెరిపేస్తోందని ఆమెకు అర్థమైంది.

బుధవారం పొద్దున ఆమె గడపలకు పూసే ఎర్ర జాజును బకెట్టులో కలిపింది. పిల్లలు బెంచీలు మోశారు. సేటు అక్షరాలను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. నోటుబుక్కులో చేసినట్టే తప్పు చుట్టూ సున్న చుట్టి, పైన సరైన అక్షరం రాసింది. చివర బండి చక్రమంత గుండ్రం గీసి, అందులో పదికి నాలుగు అని వేసింది. దాని కింద ‘మళ్ళీ రాయాలి’ అని రాసింది.

“కృపమ్మా, గిది పోటీకి పనికొస్తదా?” అని దయానందం సారు తల గోక్కున్నాడు.

“ఏమో సార్. నా పిల్లలకైతే పనికొస్తది.”

ఆ కబురు రైలెక్కకుండానే రైలు కంటే ముందు శంకర్‌పల్లి చేరింది. గోడ మీద తప్పు లేకుండా ఉన్నది సేటు ఫోను నంబరు ఒక్కటే. అందరూ దానికే కొట్టారు. “నాలుగు మార్కుల సేటేనా? పది బస్తాలు చెప్తే నాలుగే పంపుతవా?” అని ఒకడు. “సేటూ, మా పోరనికి ట్యూషన్ చెప్తవా?” అని ఇంకొకడు. ఆ ఫోను మోగీ మోగీ గల్లా పెట్టె మీద నుంచి తనంతట తాను నడిచి ఇసుకలో దూకిందని గుమస్తా చెప్పాడు. ఈసారి అతను మనస్ఫూర్తిగా నవ్వాడట.

గురువారం ధనరాజ్ బండి బడి గేటుకు గుద్దుకున్నంత పని చేసి ఆగింది.

“ఎవరు రాసిన్రు నా గోడ మీద?”

“నేనే. మీరన్నట్టే ఒక్క అక్షరం గూడ చెరపలే. లెక్కవెట్టుకోండ్రి.”

“నా ఇజ్జత్ తీస్తున్నవ్!”

“తియ్యలే సేటు, దిద్దిన. మూడో తరగతి పిల్ల గిట్లనే రాస్తే దానికి గూడ నాలుగే ఇస్త.”

“సున్నం గొట్టించి పారేస్త!”

“కొట్టించుండ్రి” అంది కృప. తెల్లగోడ దొరుకుతుందని ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

కానీ రోడ్డు మీద ఆగిన ఆటోవాడు ఊరుకోలేదు. “సున్నం గొట్టియ్యకు సేటూ! ఫెయిలై పారిపోయిండంటరు!”

ధనరాజ్ మొహం గోడ కంటే పచ్చబడి, తర్వాత జాజు కంటే ఎర్రబడింది. “పారిపోవుడా? నేనా? పాసైత. శనివారం వచ్చి నీతోని పది వేయిస్త టీచరమ్మా, చూడు.”

అప్పుడు వెలిగింది కృపకు. బడితో సంబంధం లేని పెద్దమనిషి, గోడ చూసి నేర్చుకున్నవాడు. ఈ మండలంలో అలాంటివాడు ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, వాడికి తన మొహం చూస్తేనే మంట. అయినా ఆ జాజు గోడను నాలుగు పక్కల నుంచి ఫొటోలు తీసి, ఫారం నింపి, సంతకం చోటు ఖాళీగా ఉంచింది.

శనివారం సేటు పంపిన పెయింటరు మోషే పొద్దుటి నుంచి గోడంతా కొత్తగా రాశాడు. నాలుగు గంటలకు ధనరాజ్ తెల్ల చొక్కాలో, సాక్షులుగా నలుగురిని వెంటేసుకుని దిగాడు. పిల్లలంతా బయటికి వచ్చి నిలబడ్డారు.

“ఇగ పది మార్కులు వెయ్యి” అన్నాడు.

కృప గోడ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. సిమెంటు సరిగ్గా ఉంది. స్టీలు ఉంది. ధరలకు, లభించును, చూడండి, అన్నీ ఉన్నాయి. కానీ మొదట్లోనే ‘నాణ్యమైణ’ అని ఉంది.

“మోషే తమ్మీ, గిదేంది?”

“నువ్వే గద టీచర్, న తప్పు, ణ రాయాలె అని రాసినవ్. ఒక న తప్పయితే రెండో న ఎట్ల ఒప్పయితది? రెండూ మార్చిన” అన్నాడు మోషే, కాస్త గర్వంగానే.

“తొమ్మిది” అంటూ కృప గోడ కొసన జాజుతో వేసింది. ఫారం తీసి ముందుకు చాచింది. “సేటు, మీరు మస్తు నేర్చుకున్నరు. గిక్కడ అదే రాసి సంతకం పెట్టుండ్రి. పిల్లలకు పుస్తకాలొస్తయి.”

ధనరాజ్ ఫారం అంతా చదివాడు. అతని మీసం కింద నవ్వు పాకింది. “అట్లనా? నా సంతకంతోని పని వడ్డదా? పది వెయ్యి, పెడత. తొమ్మిదేస్తే నీ ఫారం నువ్వే తిను.”

“ఒక్క మార్కే గదమ్మా” అని దయానందం సారు ఆమె చెవిలో బతిమాలాడు. “మూడు వందల పుస్తకాలు. వేసెయ్యి.”

కృప చెయ్యి నిజంగానే జాజు బకెట్టు వైపు పోయింది. తొమ్మిదిని పది చేయడం ఎంతసేపు? అంతలో ఎదురుగా నిలబడ్డ పిల్లలు కనిపించారు. మంగళవారం ఇదే న, ణ దగ్గర అందరికీ మార్కు కోసింది. అక్షిత ఆ రోజు ఏడ్చింది కూడా.

“తొమ్మిదే” అంది. “నా పిల్లలకు లేని మార్కు మీకెట్ల ఇస్త సేటు?”

“అయితే సంతకం లేదు, పుస్తకాల్లేవు. గుమ్మడికాయలు అమ్ముకో!” ధనరాజ్ బండెక్కి కిక్కు కొట్టాడు.

రోడ్డు మీద అప్పటికే ఆరు ఆటోలు ఆగి ఉన్నాయి. “సేటూ, ఎంతొచ్చింది?” అని అరిచాడొకడు. “తొమ్మిదే! ఒకటి పోయింది!” అని వెంట తెచ్చుకున్న సాక్షుల్లోనే ఒకడు నోరు జారాడు.

బండి పది గజాలు పోయి ఆగింది. దిగి వచ్చి మోషే చేతిలోని కుంచె లాక్కున్నాడు ధనరాజ్.

“నేను రాస్త గద సేటు” అన్నాడు మోషే.

“నువ్వు ముట్టుకుంటే ఇంకో మార్కు పోతది. జరుగు.”

బెంచీ ఎక్కి, ముందు పసుపు పూసి ణను కప్పేశాడు. దాని మీద న రాయడానికి అరగంట పట్టింది. నీలం రంగు మోచేతి దాకా కారి, తెల్ల చొక్కాను సగం ఆకాశం చేసింది. అతను దిగగానే కృప తొమ్మిది కొట్టేసి పది వేసింది.

“తే” అని ధనరాజ్ ఫారం గుంజుకున్నాడు. ‘ఏం నేర్చుకున్నారు?’ అన్నచోట బండి సీటు మీద పెట్టి నొక్కి నొక్కి రాశాడు: ‘న వేరు, ణ వేరు. ఈ టీచరమ్మతో పెట్టుకోవద్దు.’ సంతకం పెట్టి మొహాన కొట్టినట్టు ఇచ్చాడు.

కృప ఆ రెండు వాక్యాలనూ తప్పు కోసం మూడుసార్లు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. కొంచెం కడుపు మండింది కూడా. ఐదుకు నాలుగు నిమిషాలు ఉండగా ఫారం పంపింది.

నెలన్నరకు పుస్తకాలు వచ్చాయి. అదే పొద్దున ధనరాజ్ లారీ ఇసుకనంతా సరిగ్గా బడి గేటు ముందే కుమ్మరించి పోయింది. కుప్ప ఎంత ఎత్తంటే, దాని మీదికి ఎక్కిన కుక్కకు చేవెళ్ల కనిపించి మొరిగింది. పుస్తకాల వ్యాను రోడ్డు మీదే నిలిచిపోయింది. సేటు బండి ఆనుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

“సేటు, గిది తీయించుండ్రి” అంది కృప.

“గోడ అడిగినవ్, సంతకం అడిగినవ్, ఇచ్చిన. రోడ్డు గూడ నీదేనా?”

కృప చీర కొంగు దోపి ఇసుక కుప్ప మీదికి ఎక్కింది. వెనకే పిల్లలు ఎక్కి వరుస కట్టారు. వ్యాను నుంచి ఒకరి చేతికి ఒకరు పుస్తకాలు అందించుకుంటూ కుప్పను దాటించారు. వరుసలో నడుమ, సరిగ్గా శిఖరం మీద అక్షిత ఉంది. ముప్ఫై దాకా అందించి, ముప్ఫై ఒకటో పుస్తకం దగ్గర ఆ పిల్ల ఇసుకలో కూలబడి అట్ట తెరిచింది.

“ఏ పిల్లా! ఇసుక ఖరాబైతది, దిగు!” అని అరిచాడు ధనరాజ్.

అక్షిత తల ఎత్తలేదు. “జర ఆగు సేటూ. ఒక్క పేజీ.”