గడ్డిలో పదకొండుమంది సాక్షులు

వినగడప దారిలోని రెండెకరాల గడ్డిబంజరు పట్టా కోసం కూలిమనిషి పుల్లమ్మ మూడేళ్లు అర్జీలు పెట్టింది. పందొమ్మిదివందల డెబ్భై ఐదు శ్రావణంలో రెవిన్యూ ఇన్‌స్పెక్టరు బాలశౌరి విచారణకు దిగాడు. నూటయాభై ఎకరాల సీతారామారావు అప్పటికే గట్టు మీద కుర్చీ వేయించుకున్నాడు. ఆయనకు గడ్డి కూడా కావాలి.

"ఇది బంజరు కాదండి. నేను సాగుచేసే మేత. ఇరవై రోజులకోసారి కోయిస్తాను."

"కొడవలి పడి ఆర్నెల్లయింది సార్," అంది పుల్లమ్మ.

"సాక్షులున్నారా?" అన్నాడు బాలశౌరి.

రావుకి ఎదురుచెప్పి మర్నాడు పనికెళ్లగలవాడు ఊళ్లో లేడు. పుల్లమ్మ వరిలో పురుగులేరిన మనిషి. ఒక గడ్డిపరక వంచింది. ఆకు అంచులు రెండూ కుట్టినట్టు గొట్టమై ఉంది. లోపల పచ్చటి పురుగు.

"గెంతుతూ ఎగిరే గోధుమరంగు సీతాకోకచిలక పిల్ల సార్ ఇది. తల్లి పరకకో గుడ్డు పెడుతుంది. పిల్ల ఆకు కుట్టుకుని కాపురముంటుంది, ఆకే తింటుంది. ఆఖర్న నడుముకి దారం కట్టుకుని కదలకుండా పడుకుంటుంది. రెక్కలొచ్చేసరికి నెల దాటుద్ది. ఇరవై రోజులకి కోస్తే ఇవెట్టా బతికాయి?"

"పురుగు మాట వింటారా అండీ?" రావు నవ్వాడు.

"మీ పాలేర్ల మాట వినటంలా?" అంది పుల్లమ్మ.

బాలశౌరి నవ్వలేదు. కాగితంలో సాక్షుల గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపుతారు. పడుకున్నవాటిని లెక్కపెట్టి రాశాడు: సాక్షులు పదకొండు. నివాసం సొంత ఇల్లు. వృత్తి ప్రస్తుతం లేదు. వేలిముద్ర దగ్గర ఆగాడు. వాటికి వేళ్లు లేవు.

"రెక్కలొచ్చాక చూద్దాం," అని శుక్రవారానికి వాయిదా వేశాడు.

శుక్రవారానికి పదకొండు తొడుగులూ పగిలి ఖాళీగా ఉన్నాయి. సాక్షులు పరక మీంచి పరకకు గెంతుతున్నారు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. ఒకటొచ్చి రావు భుజమ్మీద వాలింది.

"చూశారా, నా పక్షం."

"దానికి చెమట కావాలి రావుగారూ. మీ దగ్గరుండదని ఇంకా తెలీదు," అంది పుల్లమ్మ. అది లేచి ఆమె మోచేతి మీద వాలి తాగసాగింది.

బాలశౌరి ఉత్తర్వు చదివాడు. సాక్షులు రూపం మార్చుకున్నందున గుర్తింపు కుదరలేదు. కొత్త గుడ్లు కనపడినందున తర్వాతి సాక్షులు ఎదిగేదాకా వాయిదా. అంతవరకు ఇక్కడ కొడవలి గానీ పశువు గానీ దిగరాదు. సాక్షులను ఎవరూ బెదిరించకుండా ఒక మనిషి ఇక్కడే నివాసముండి కాపలా కాయాలి.

"మా పాలేరుంటాడండి."

"బెదిరిస్తారనేది మీ గురించేనండి రావుగారూ."

పొద్దుగూకకముందే పుల్లమ్మ తాటాకులు మోసుకొచ్చి గుడిసె వేసింది. సాక్షులు తరాలు మారుతున్నారు, విచారణ సాగుతోంది. మొన్న ఎవరో వచ్చి ఆ గుడిసెకు ఇంటినంబరు వేసి పోయారు.