మోకాలి నీళ్లు పారబోశారు

ఆ మనిషి మోకాలిని పాడుచేసింది మీరే. అవును కాంట్రాక్టర్ గారూ, మిమ్మల్నే అంటున్నది. మందు పేరు చెప్పకుండా సూది గుచ్చిన డాక్టర్ గారూ, మిమ్మల్ని కూడా. అది ఎవరి మోకాలో మీకు గుర్తుండకపోవచ్చు. అద్దంలా మెరిసే నేల మీద చెప్పులు విప్పి నడిచే ఇంటివాళ్లకు అసలే గుర్తుండదు. అందుకే చెప్పాల్సి వస్తోంది.

అతను టైల్స్ వేసే మేస్త్రీ. పనివాళ్లంతా అతన్ని అనుమానం మేస్త్రీ అనేవారు. ఇసుక లారీ వస్తే గుప్పెడు తీసి నలిపి చూడందే దించనివ్వడు. సిమెంటు బస్తా ఎంత పాతదో తేల్చుకోనిదే విప్పడు. ముందురోజు వేసిన టైలును రబ్బరు సుత్తి పిడితో తట్టి చెవి ఒగ్గి వింటాడు. డొల్ల శబ్దం వచ్చిందా, ఎవరు వేసిందైనా సరే పెకలించాల్సిందే. మామగారింటికి మొదటిసారి వెళ్లినప్పుడు కూడా గచ్చు తట్టి చూసుకున్నాకే కూర్చున్నాడని తోటివాళ్లు ఏడిపించేవారు. అతను నవ్వి, ఇప్పటికీ ఆ గచ్చు మీద నాకు నమ్మకం లేదనేవాడు.

టైల్స్ పని నిలబడి చేసేది కాదు. పొద్దున వంగిన మోకాలు మళ్లీ సాయంత్రమే లేచేది. మోకాళ్ల కింద వేసుకునే మెత్తలు తెప్పిస్తానని కాంట్రాక్టర్ ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉన్నాడు. ఈలోగా ఖాళీ సిమెంటు సంచి మడతపెట్టుకుని పని కానిచ్చేవారు. అలా కానిచ్చి కానిచ్చి మేస్త్రీ కుడి మోకాలు బూరెలా పొంగింది.

నాలుగు రోజులు పడుకుంటానన్నాడు మేస్త్రీ. ఇంటాయన సామాను లారీ ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నాడు, ఇప్పుడు పడుకుంటే ఎలా అన్నాడు కాంట్రాక్టర్. తన బండి మీదే ఎక్కించుకుని తనకు తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. అంత మర్యాద ఎందుకు చేస్తున్నాడో అనుమానం మేస్త్రీకి అనుమానం రాలేదు.

డాక్టర్ లావుపాటి సూదితో మోకాల్లోంచి నీళ్లు లాగాడు. నూనెలా పచ్చగా, తేటగా ఉన్నాయి. తర్వాత ఒక చిన్న సీసాలోంచి ఏదో మందు లాగి మోకాల్లోకి ఎక్కించాడు. అదేం మందో అడుగుదామని మేస్త్రీ నోటిదాకా వచ్చింది. తెల్లకోటు చూసి మింగేశాడు. కాలు ఇక ఫరవాలేదని డాక్టర్ చెప్పింది కూడా కాంట్రాక్టర్‌కే, మోకాలు గలవాడికి కాదు.

నొప్పి మాయమైంది. పనిలోకి రాగానే మేస్త్రీ ఏం చేశాడో తెలుసా? సుత్తి పిడితో మోకాలిని తట్టి చూసుకున్నాడు. నొప్పి లేదు. గట్టిగానే ఉందన్నాడు. ఆ మధ్యాహ్నమే అదే మోకాలి మీద హాలంతా టైల్స్ పరిచేశాడు. సూది పడ్డ కీలుకు విశ్రాంతి ఇవ్వాలని అతనికెవరూ చెప్పలేదు. అతన్ని చూసి మిగతా మేస్త్రీలూ ఆ డాక్టర్ దగ్గరికి వరస కట్టారు. సెలవు అడిగినవాడికి కాంట్రాక్టర్ సూది చూపించడం ఆ పనిలో మామూలైపోయింది.

మోకాలు మళ్లీ పొంగింది, మళ్లీ సూది పడింది. ఆ తర్వాతిసారి అతని భార్య కూడా వెంట వెళ్లింది. ఆమె బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. పోగు తేడా వస్తే పట్టేసే కళ్లు. డాక్టర్ ఫోన్ మాట్లాడి, ఆ చేతులు కడుక్కోకుండానే సూది పట్టుకోవడం ఆమె చూసింది. ఈసారి వచ్చిన నీళ్లు తేటగా లేవు. బియ్యం కడిగినట్టు మసకగా ఉన్నాయి. ఇలా ఉన్నాయేమిటని అడిగింది. నిలవ నీళ్లమ్మా, అంతే అని డాక్టర్ వాటిని సింకులో పారబోశాడు. మళ్లీ అదే మందు పొడిచాడు. సీసా చూపించమంటే, చదివి నువ్వేం చేస్తావని నవ్వాడు.

బయటికొచ్చాక ఆమె మొగుణ్ని నిలదీసింది.

"ఇసుక రంగు మారితే లారీని వెనక్కి తిప్పి పంపుతావు. నీ కాల్లో నీళ్లు రంగు మారితే నోరెందుకు పడిపోయింది?"

"డాక్టర్ని కూడా అనుమానిస్తామా?"

"నా వంటను అనుమానించావు, మా నాన్న గచ్చును అనుమానించావు. ఆయనేం పైనుంచి దిగొచ్చాడా?"

మేస్త్రీ విసుక్కుని పనిలోకి వెళ్లిపోయాడు. రెండోనాటికి ఒళ్లు పెనంలా కాలింది. మోకాలు ఎర్రబడి, దుప్పటి తగిలినా కేక పెట్టే స్థితి వచ్చింది. కాంట్రాక్టర్‌ ఇంకో సూది వేయిద్దామన్నాడు. భార్య అతనికి జవాబు చెప్పకుండా ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ చేతులు కడుక్కుని, మోకాలు శుభ్రంగా తుడిచి నీళ్లు లాగింది. లాగినవి పారబోయలేదు. గొట్టంలో పోసి, అతని పేరు రాసి, అతనికే చూపించి పరీక్షకు పంపింది. ఫలితం రాగానే ఆపరేషన్ చేసి కీలంతా కడిగారు. తొడ నుంచి చీలమండ దాకా కాలు కదలకుండా బద్ద వేసి కట్టారు.

డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. "లోపల చీము పట్టింది. నీకు వేసింది వాపును అణిచే స్టెరాయిడే అయ్యుంటుంది. చీము ఉన్నప్పుడు ఆ మందు అసలు వేయకూడదు. చీము మీద చీము పెరుగుతుంది. పారబోసిన ఆ నీళ్లను పరీక్షకు పంపించి ఉంటే అప్పుడే తెలిసేది. సూది చెడ్డది కాదు మేస్త్రీ. తగినవాడికి తగినప్పుడు వేస్తే మేలే చేస్తుంది. కానీ నీకు వేసింది నిన్ను బాగుచేయడానికి కాదు, పని ఆగకుండా చూడడానికి."

"మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంటానా అమ్మా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "నడుస్తావు. మునుపటిలా వంగుతుందని మాత్రం చెప్పలేను."

ఆ సాయంత్రమే కాంట్రాక్టర్ పళ్ల సంచితో వచ్చాడు. వెనకే నలుగురు తోటి మేస్త్రీలు. యోగక్షేమాలయ్యాక గొంతు తగ్గించి, ఎవరైనా అడిగితే ఇంట్లో మెట్ల మీద జారిపడ్డానని చెప్పమన్నాడు.

మేస్త్రీ తన కాలికున్న బద్దను వేలితో తట్టాడు. ఊళ్లో ప్రతి టైలునూ తట్టి చూసినవాడు తన ఒంట్లోకి ఏం పోతోందో ఒక్కసారీ అడగలేదు.

"ఆ సీసాలో మందేమిటి కాంట్రాక్టర్ గారూ?" అన్నాడు.

"నాకేం తెలుసు మేస్త్రీ, డాక్టర్ని అడగాలి."

"తెలియనిది నా కాల్లోకి ఎందుకు ఎక్కించావు? నేను మెట్ల మీద పడలేదు. నీ గచ్చు మీద పడ్డాను. అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతాను." తోటివాళ్ల వైపు తిరిగాడు. "మీలో ఎవరి మోకాలు పొంగినా పడుకోండి. పేరు చెప్పని మందు పొడిపించుకోకండి. అనుమానం వస్తే అడగండి. నేను అడగలేదు, చూడండి."

కాంట్రాక్టర్ లేచి వెళ్లిపోయాడు. పళ్ల సంచిని మేస్త్రీ భార్య గుమ్మం దాకా వెళ్లి అతని చేతికే ఇచ్చి వచ్చింది.

ఇప్పుడు పనివాళ్ల తరఫున అడుగుతున్నాం, వినండి. మోకాలి మెత్తలు రేపు కాదు, పని మొదలయ్యే ముందే ఇవ్వండి. కాలు పొంగినవాడికి సూది కాదు, సెలవివ్వండి, ఆ సెలవుకు కూలీ ఇవ్వండి. డాక్టర్లూ, లాగిన నీళ్లు మసకగా ఉంటే పరీక్షకు పంపండి. ఎక్కించే మందు పేరు ఆ కాలు గలవాడికే చెప్పండి. ఆ పేరు చెప్పేదాకా ఏ పనివాడూ తన మోకాలు మీ ముందు చాపకూడదు.