పైనుంచి రెండో గుండీ

ఇస్త్రీపెట్టె కాలరు దాటి, గుండీల పట్టీ మీదికి వచ్చి ఆగిపోయింది. పైనుంచి రెండో గుండీ దగ్గర. కాజాల అక్క పెట్టెను పక్కన నిలబెట్టి, కూతురి బడి చొక్కాను కిటికీ వెలుగులోకి పట్టుకుంది.

గుండీకి నాలుగు కంతలు. ఆమె ఎప్పుడు కుట్టినా దారం రెండు గీతలుగా పక్కపక్కనే పడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా రోజుకు అరవై డెబ్భై గుండీలు కుట్టిన చేయి అది. నిద్రలో లేపి సూది చేతికిచ్చినా అలాగే కుడుతుంది. ఈ గుండీ మీద మాత్రం దారం ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటి ఉంది. చొక్కా తిప్పి చూసింది. వెనకాల పెసరగింజంత ముడి. కాజాల అక్క ఎన్నడూ ముడి వేయదు. మూడు కుట్లు వెనక్కి కుట్టి, దారం కొసను గుడ్డలోనే దాచేస్తుంది. ముడి వేయడమంటే ఆమె దృష్టిలో పని రానివాళ్ళ పని.

ఇక ఊరుకుంటుందా? చొక్కా అంగుళం అంగుళం గాలించింది. జేబు మూల దగ్గర ఒక అతుకు. చంక కింద వేలెడు పొడవున మరో కుట్టు. మూడూ ఒకరి చేతివే, ఆ చేయి తనది కాదు. ఏ తల్లికైనా ముందు చొక్కా ఎందుకు చిరిగిందని అనుమానం రావాలి. కాజాల అక్కకు మాత్రం ముందు వచ్చిన అనుమానం, ఎవరు కుట్టారని.

ఆమెను ఆ వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. టైలరు దుకాణంలో మాస్టరు కత్తిరిస్తాడు, ఇద్దరు మిషను తొక్కుతారు, ఆమె కాజాలు తీసి గుండీలు కుడుతుంది. అందుకని చిన్నా పెద్దా అందరికీ కాజాల అక్కే. సన్నటి మనిషి. పంతొమ్మిదేళ్ళు వంగి కూర్చోవడంతో ఎడమ భుజం కాస్త దిగిపోయింది. చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకు తేలింది. భర్త పోయి ఆరేళ్ళయింది. ఉన్నది పదకొండేళ్ళ కూతురొక్కతే. ఆ పిల్ల ఒంటిమీద బట్టంతా ఆమె చేతిదే. దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలను అతుకు కనిపించకుండా కలిపి చొక్కాలు కుడుతుంది. అతుకు ఎక్కడుందో చూపించమని మాస్టరుతోనే పందెం వేసేంత గొప్ప ఆమెకు.

ఆ గొప్పే పిల్ల మెడకు చుట్టుకుంది. చొక్కా ముక్కలతో కుట్టిందని ఎలా పసిగట్టారో, తరగతిలో ముగ్గురు ఆడపిల్లలు పిల్లకు 'బొంత' అని పేరు పెట్టారు. ఆ ముగ్గురికీ నాయకురాలు మందుల షాపు వాళ్ళమ్మాయి. కిందటేడు పిల్ల ఏడ్చి చెబితే కాజాల అక్క అప్పటికప్పుడు మందుల షాపుకు వెళ్ళి, కొనడానికి వచ్చినవాళ్ళందరి ముందూ ఆ పిల్ల తల్లిని కడిగిపారేసింది. నాలుగు రోజులు అంతా సద్దుమణిగింది. ఐదోరోజు పిల్ల పుస్తకాల సంచి మురుగుకాలవలో తేలింది. చేయి జారి పడిందంది పిల్ల. ఆ తర్వాత మళ్ళీ ఏమీ చెప్పలేదు. ఎప్పుడడిగినా "ఇప్పుడు బాగానే ఉందమ్మా" అంటుంది. తను పెట్టిన కేకలే పనిచేశాయని కాజాల అక్క ఏడాదిగా నమ్ముతోంది.

"ఈ గుండీ ఎవరు కుట్టారే?"

పిల్ల జడ వేసుకుంటూ అద్దంలోంచే చూసింది. "నువ్వే కదమ్మా."

"నేనా?"

"మరెవరు కుడతారు?" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అబద్ధం చెప్పినందుకు ఆమెకు అంత బాధ లేదు. ఎవరినో కాపాడటానికి చెప్పింది చూడండి, అదే కలుక్కుమంది.

దుకాణంలో ఆ పూట ఆమె చేయి ఆమె మాట వినలేదు. ఒక కోటుకు గుండీ పక్కకు కుట్టి విప్పింది. విప్పి కుడితే అంగుళం కిందికి పోయింది. మాస్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏంటక్కా, ఈరోజు గుండీలు నడుస్తున్నాయి?"

"చెయ్యి నొప్పిగా ఉంది మాస్టరూ. బడివాళ్ళ లంగాలు సరిచేశాంగా, నేనే ఇచ్చొస్తా."

బడివాళ్ళ బట్టలన్నీ ఆ దుకాణంలోనే కుడతారు. కాబట్టి కాపలాదారు ఏమీ అడక్కుండానే గేటు తీశాడు. భోజనాల వేళ. ఆవరణంతా పిల్లల గోల. కాజాల అక్క లంగాల మూట చంకన పెట్టుకుని, వెనకవైపు మెట్ల పక్కనుంచి వెళ్తూ నిలబడిపోయింది.

మెట్ల కింద ఒక ముక్కాలిపీట. దాని మీద బడి ఆయా. అరవై దాటిన మనిషి, భారీ శరీరం, సీసా అడుగులంత మందం కళ్ళజోడు. ఆమె ఒళ్ళో చొక్కా. ఆమె కాళ్ళ దగ్గర తన కూతురు, ఆయా శాలువా భుజాల చుట్టూ కప్పుకుని, సూదిని వెలుగుకెత్తి దారం ఎక్కిస్తోంది. ఎక్కిస్తూ వాగుతోంది. ఇంట్లో అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల, చేతులు తిప్పుతూ, నవ్వుతూ, ఊపిరాడనంతగా ఏదో చెబుతోంది. ఆయా మధ్యమధ్య "ఆఁ, తర్వాత?" అంటోంది. అంతే.

కాజాల అక్క లంగాల మూటను మెట్టు మీద పడేసింది. తను ఒక్కనాడూ దాన్ని సూది ముట్టుకోనివ్వలేదు. నా వేళ్ళు పోయింది చాలు, నీకొద్దు అనేది. ఇక్కడ ఎవరికో సేవ చేస్తూ ఆ నవ్వేమిటి? ఆ నవ్వు తనది. తను కని, తను పెంచి, తను కుట్టిన చొక్కా తొడిగిన పిల్ల నవ్వు అది. ఈ ముసలిది ఏం చేసిందని దానికి దక్కాలి? ఆమెకు అసూయగా ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తెలిసినా కాళ్ళు ఆగలేదు. నేరుగా పెద్ద మేడం గదిలోకి వెళ్ళింది.

"మా పిల్ల చొక్కా రోజూ చింపుతున్నారండీ. మీ ఆయాకి అంతా తెలుసు. తెలిసి దాస్తోంది. ఇంట్లో తెలీకూడదనే కుట్టి పంపిస్తోంది."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అది బయలుదేరిన చోటే మంచిది కాదు. పెద్ద మేడం ఆయాను పిలిపించింది.

"ఈమె చెప్పేది నిజమేనా?"

"నిజమేనండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"పిల్ల వద్దందండి." ఆయా కాజాల అక్క వైపు తిరిగింది. "నువ్వేనామ్మా వాళ్ళమ్మవి? నీ పనితనం చూశాను. నాకంత చక్కగా రాదు. ఏదో నిలబడితే చాలని కుడతా."

ఎత్తిపొడుపుగా అని ఉంటే కాజాల అక్కకు ఎంతో బాగుండేది. ఆయా నిజంగానే అంది.

పెద్ద మేడం ఆలస్యం చేయలేదు. ముగ్గురు పిల్లల తల్లిదండ్రులకు కబురు పంపింది. ఆయా రోజుకూలీ మీద పనిచేసే మనిషి, బడి వెనక సామాన్ల గదిలోనే ఉంటుంది. ఇలాంటివి దాచేవాళ్ళు పిల్లల మధ్య ఉండకూడదు, ఈరోజే గది ఖాళీ చేసి వెళ్ళిపొమ్మంది. ఆ ఒక్క క్షణం కాజాల అక్క నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. ఆయా తలూపి బయటికి వెళ్తుంటే లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. దుకాణానికి తిరిగి వచ్చి నలభై గుండీలు తప్పు లేకుండా కుట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంచి ఇంకా భుజం మీదే ఉంది.

"ఆయమ్మని పంపించేశారు."

"నీ చొక్కా చింపుతుంటే చూస్తూ ఊరుకుంది కదే ఆవిడ!"

"చూస్తూ ఊరుకోలేదు. మధ్యాహ్నం తన దగ్గర కూర్చోబెట్టుకునేది. అక్కడికి వాళ్ళు రారు." పిల్ల తల ఎత్తలేదు. "రేపు మధ్యాహ్నం ఎక్కడ కూర్చోనమ్మా?"

కాజాల అక్క పొద్దుటినుంచి దాచుకున్న మాటే అడిగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు వాళ్ళింటికి పోయి అరుస్తావు. తర్వాత వంటగదిలో కూర్చుని ఏడుస్తావు. ఆయమ్మ ఏడవదు. కుడుతుంది."

కాజాల అక్క చెప్పులు కూడా వేసుకోలేదు. అలాగే వీధిలో పడి బడికి పరుగెత్తింది. పెద్ద మేడం తన గదికి తాళం వేస్తోంది.

"మేడం, ఆవిణ్ణి తీసెయ్యకండి. తప్పు నాది. పిల్ల నన్ను కాదని ఆవిడతో చెప్పుకుంటోందని ఓర్వలేక అన్నాను. నా కుళ్ళు అది."

అంత మాట తన నోటితో ఎవరి ముందూ అనలేదు ఆమె ఇంతవరకూ. భర్త పోయిన రోజున కూడా ఇంత తల వంచలేదు.

పెద్ద మేడం తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడింది. "నాలుగింటికే వెళ్ళిపోయింది. చెల్లెలి ఊరికట. ఏ ఊరని నేనూ అడగలేదు."

"ఫోను ఉంటుందా అండీ?"

"లేదు."

కాపలాదారు చెప్పాడు. ఆయా ఒక చేతిసంచితో వచ్చి, గేటు దగ్గర ఆగి, పిల్లలందరూ బయటికి వెళ్ళేదాకా చూసి, బస్సెక్కిందట. పిల్లలెవరూ గమనించలేదట.

"అయితే ఆ మెట్ల కింద మధ్యాహ్నం గంటసేపు నేను కూర్చుంటానండి," అంది కాజాల అక్క. "జీతమేం వద్దు. ఏ పిల్ల బట్ట చిరిగినా కుడతా. ఎవరిమీదా అరవను."

"దుకాణంలో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే మానేస్తా."

పెద్ద మేడం ఆమె కాళ్ళకేసి చూసింది, ఆ దుమ్ముకేసి. "మీ అమ్మాయి వచ్చి మీ దగ్గర కూర్చుంటుందా మరి?"

"తెలీదండి. రాకపోయినా అక్కడ నేనుంటే ఆ ముగ్గురూ ఉండరు కదా. అది చాలు."

పెద్ద మేడం తలూపి వెళ్ళిపోయింది. కాజాల అక్క మెట్ల కిందికి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. పీట కూర్చునేచోట గుంటపడి ఉంది. ఆమె సన్నటి ఒంటికి ఆ గుంట వదులైంది. పీట వెనక, గోడ మూలకు, ఒక పాత బిస్కెట్ల డబ్బా. తీసుకెళ్ళడం మరిచిపోయిందో, కావాలనే వదిలిందో. మూత తీసింది. తెల్లదారం ఉండ, బడి చొక్కాల గుండీలు నాలుగు, ఒక గుడ్డముక్క. గుడ్డముక్కకు సూది గుచ్చి ఉంది. అంత మందం కళ్ళజోడుతో ఆయా దారం ఎక్కించుకోలేదు. ఎక్కించిందెవరో, ముడి ఎవరి వేళ్ళు వేశాయో ఇప్పుడామెకు తెలుసు. రెండు కొసలూ సమానంగా లాగి, చివర పెసరగింజంత ముడి వేసి, రేపటి గుండీ కోసం ఆ సూది సిద్ధంగా ఉంది.