గోలెంలో మలుగు

ఆషాఢంలో పట్టిన మలుగు చేప భాద్రపదం వచ్చేసరికి మేత మానేసింది. జమ్ములమ్మ రోజూ పొద్దున్నే వాకిట్లోని నీళ్ల గోలెం మీది బండ జరిపి ఎర్రలు వేసేది. మరునాడు చూస్తే అవి అడుగున అట్లాగే ఉండేవి.

ఆ చేప ఆమె భర్త గోవిందు కోసం. గద్వాలకు మూడు కోసుల దూరాన, కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. గోవిందు ఇరవై ఏళ్లు ఏట్లో పుట్టి నడిపాడు, చేపలు పట్టాడు. ఉగాది వెళ్లాక దగ్గుతో మంచం పట్టాడు. గద్వాలలో హకీం లాల్ అహ్మద్ నాడి చూసి పొడి ఇచ్చాడు. దాంతోపాటు కొవ్విన మలుగును మిరియాలు వేసి ఉడికించి తాపమన్నాడు. అది ఒంట్లో నిలిస్తే మనిషి లేస్తాడని చెప్పాడు.

రోగి కోసం పట్టిన మలుగును గోలెంలో మేపి, బలిశాక కోయడం ఆ ఊరి వాడుక. జమ్ములమ్మ తమ్ముడు కురుమూర్తి రెండు మూరల చేపను తెచ్చి వేశాడు. పాములా ఉంటుంది, చేతికి నిలవదు. రెండు నెలలు బాగానే తిన్నది.

మేత మానడంతోనే దాని రంగు మారింది. పసుపుగా ఉన్న పొట్ట కళాయి పోసిన గిన్నెలా తెల్లబడింది. వీపు నల్లబడింది. కళ్లు పెరిగాయి. ఎటు తిప్పి వదిలినా తూర్పు అంచుకు ముక్కు ఆనించి ఉండేది. వాన పడిన రోజు బండను కింది నుంచి గుద్దేది.

జమ్ములమ్మ గద్వాలకు నడిచి వెళ్లి హకీంకు చెప్పింది.

"తిననిదానికి రోగముంటదమ్మా," అన్నాడు లాల్ అహ్మద్. "గసుంటిది బీమారున్న మనిషికి పెట్టొద్దు. జర సబర్ చెయ్యి. మల్ల మేత ముట్టినంక కొయ్యి."

ఆమె ఇరవై రోజులు ఆగింది. కోడిపేగులు వేసింది, రొయ్యలు వేసింది, సంకటి ముద్దలు వేసింది. ఆ ఇరవై రోజుల్లో గోవిందు సంకటి మానేశాడు. తర్వాత గంజి కూడా సగం వదిలేశాడు.

"సర్కారు లెవీకి పోంగ మిగిలిన గింజలు నీ పెనిమిటికే సాలవు," అంది పక్కింటి ఈదమ్మ గోడ మీది నుంచి. "గా పాముకు గూడ వండిపెడుతున్నవా జమ్ములూ?"

ఆ మధ్యాహ్నం గోవిందు భార్యను దగ్గరికి పిలిచాడు.

"పొట్ట తెల్లగైందా?"

"అయింది మామా."

"కండ్లు?"

"రేగుపండ్లంత అయినయి."

"దానికి రోగం లేదు. సముద్రంల గుడ్లు పెట్టనీకె దిగువకు పోతది. మా నాయన చెప్పిండు. పోయే యేడు గిట్లనే ఒళ్లు మార్చుకుంటది. ఆడ ఉప్పునీళ్లు, అడుగున చీకటి. గందుకే కండ్లు పెరుగుతయి. పేగు ముడుచుకపోతది. మల్ల తినేది లేదు. ఇన్నొద్దులు తిన్నదంత తొవ్వకని కొవ్వు చేసి దాసుకుంటది."

"నువ్వు సముద్రం జూసినవా?"

"నేను రాయచూరే సక్కగ జూడలే." నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు: "ఏట్ల ఇడిశిపెట్టు. నాకు గొంతు దిగదు. దానికన్న తొవ్వ ఉన్నది."

జమ్ములమ్మ వాకిట్లోని గోలెం వైపు చూసింది.

"రోగం లేదంటివి గద?"

"లేదు."

"కొవ్వు ఉన్నదంటివి."

గోవిందు ఆమె ముఖంలోకి చూశాడు. తన మాట ఎటు పోయిందో అతనికి తెలిసింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె చేతులకు బూడిద రాసుకొని మలుగును పైకి తీసింది. తల తెగాక కూడా అది కత్తిపీటకు చుట్టుకుంది. పొట్ట చీరితే వేలి మందాన కొవ్వు ఉంది. పేగు దారమంత ఉంది. నొక్కి చూసింది. అందులో ఏమీ లేదు. హకీం అడిగిన కొవ్వు ఇరవై రోజుల కిందనే ఉంది. అప్పటికి గోవిందు సంకటి తింటున్నాడు.

మిరియాలు దంచి వేసి, ముక్క కరిగేదాకా ఉడికించింది. అతని తల ఒళ్లో పెట్టుకొని గరిటెతో తాపింది. రెండు గుక్కలు దిగాయి. మూడోది మూతి పక్క నుంచి కారి దిండు మీద పడింది.

"పేగు జూసినవా?"

"చూసిన మామా. దారమంతనే ఉండె."

"చెప్పలేదా," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

గిన్నెలో కొవ్వు పేరుకుంది. ఆమె మళ్లీ వేడి చేసి తెచ్చింది. మాపు మళ్లీ వేడి చేసింది, మరునాడు పొద్దున కూడా. అతను నోరు తెరవలేదు.

ఆ రోజు మాపు ఈదమ్మ వచ్చి పొయ్యి ముట్టించబోయింది. జమ్ములమ్మ వద్దంది. వాకిట్లోకి వెళ్లి, గోలెం మీది బండ తీసి పక్కన పెట్టి, లోపల ఉన్న నీళ్లు గోవిందు ఆఖరి స్నానానికి చాలుతాయో లేదో చూసింది. చాలవు. కడవ తీసుకొని ఏటికి పోయింది.