బూడిదలో గుండుసూదులు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. నాన్న, ఎవరినో స్టేషన్‌లో దింపి అప్పుడే వచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద అడ్డంగా పడి గురక పెడుతున్నాడు. నానమ్మ, వరండాలో కుర్చీ వేసుకుని బఠాణీలు వలుస్తూ గిన్నెలో కొన్ని, నోట్లో కొన్ని వేసుకుంటోంది. బాబాయి స్నానాల గదిలో దూరి పాట అందుకున్నాడు. అమ్మ ముందుగదిలో, కిటికీ పక్కన, వీధిలోవాళ్ళ బట్టలు కుట్టే మిషన్ ముందు కూర్చుంది. ఇక ఆ పిల్ల. ఆ పిల్లని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, ఉంది.

వాకిట్లో రేకుల షెడ్డు కింద కారు ఉంది. ఆ ఇంట్లో అది కూడా ఒక మనిషి కిందే లెక్క.

నాన్న ఇన్నేళ్ళూ ఎవరెవరి కార్లో తోలాడు. వాళ్ళు వెనక సీట్లో కూర్చుని ఏసీ పెంచమంటే పెంచాడు, తగ్గించమంటే తగ్గించాడు. ఇది మాత్రం సొంతం. కొత్త వాసన ఇంకా పోలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. ఎక్కినవాళ్ళు కదిలినప్పుడల్లా కరకరమనేది. తియ్యొచ్చు కదా అని ఎవరైనా అంటే, "ఉండనివ్వండి, అదే అందం" అనేవాడు నాన్న.

కారు మీద చిన్న గీత పడినా అమ్మ ప్రాణం విలవిల్లాడేది. గాజులున్న చెయ్యి కారుకి తగలకూడదు. బెల్టు బకిల్ తగలకూడదు. ఒకరోజు నానమ్మ డోరు పట్టుకుని ఎక్కబోతుంటే, "అత్తయ్యా, ముందు గాజులు తీసి ఇలా ఇవ్వండి" అంది. "నా పెళ్ళినాడు వేసుకున్న గాజులే. మీ మామయ్య పోయినా తియ్యలేదు, ఈ ఇనప్పెట్టె కోసం తియ్యాలా?" అని నానమ్మ సణిగింది. సణుగుతూనే తీసి ఇచ్చింది.

షోరూమువాళ్ళు అమ్మే ముసుగు ఉల్లిపొరలా ఉందని, అమ్మ తనే కారుకి ముసుగు కుట్టింది. పైన దళసరి నీలం గుడ్డ, లోపల మెత్తటి ఫ్లానెల్. కుట్లు రంగుకి రాసుకోకుండా అన్నీ బయటివైపు తిప్పింది. "మా అన్నయ్య పెళ్ళి చొక్కా కూడా ఇంత ఒద్దికగా కుట్టలేదు వదిన" అని బాబాయి వీధంతా చెప్పుకొచ్చాడు. నాన్న కారు దిగడం ఆలస్యం, అమ్మ ముసుగు కప్పేసేది.

ఆ రోజు కప్పలేదు. అంచు ఎలాస్టిక్ వదులైపోయి గాలికి ముసుగు లేచిపోతోందని, దాన్ని మిషన్ మీద వేసుకుంది. పాత ఎలాస్టిక్ ఊడదీసి, కొత్తది పెట్టి, అంచు పొడుగునా గుండుసూదులు గుచ్చుకుంటూ వస్తోంది. గుడ్డ నేల మీద జారకుండా ఆ పిల్ల రెండో చివర పట్టుకుని నిలబడింది. అమ్మ పెదవుల మధ్య ఇంకా గుచ్చని సూదులున్నాయి. అవి ఉన్నంతసేపూ అమ్మ మాట్లాడదు. పిల్ల ఎప్పుడూ మాట్లాడదు. తల్లీకూతుళ్ళకి ఆ పని అందుకే ఇష్టం.

కిటికీలోంచి పిల్ల కారువైపు చూసింది. ముందు అద్దం కింద, బానెట్ అంచున, ఎడమవైపు సందులోంచి సన్నటి పొగ వస్తోంది.

"అమ్మా, పొగ" అంది.

"ఊఁ" అంది అమ్మ, సూదుల మధ్యనుంచి.

"అమ్మా, కారులోంచి పొగ!"

అమ్మ తలెత్తేసరికి పొగ వెనకే మంట కనిపించింది. సూదులన్నీ ఒక్కసారిగా ఉమ్మేసింది. మిషన్ మీది ముసుగుని రెండు చేతులా లాగితే దారం ఫట్‌మని తెగింది. అంత గుడ్డనీ చేతుల్లో పోగేసుకుని ఒక్క ఉరుకున వాకిట్లోకి వెళ్ళి బానెట్ మీద పరిచేసింది. మూకుడులో నూనె అంటుకుంటే పైన మూత వేసే చెయ్యి అది. మంటంటే కప్పెయ్యాలి, అంతే తెలుసు అమ్మకి. ఒక్క క్షణం మంట అణిగినట్టే అణిగి, ఆ గుడ్డనీ పట్టుకుని పైకి లేచింది.

తర్వాత జరిగిందంతా అరుపులే. నాన్న ఉత్తకాళ్ళతో బయటికొచ్చి, కాలుకాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. బాబాయి ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు ఒక చేత్తో, బకెట్టు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. నానమ్మ చేతికి అందిందే ఆయుధంగా బఠాణీల గిన్నె ఎత్తి మంటల్లోకి విసిరింది. ఫైరింజను వచ్చేసరికి కారు లేదు, కారు ఆకారంలో ఒక నల్లటి బొగ్గు ఉంది.

ఆ తర్వాత నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ మిషన్ ముట్టుకోలేదు. వీధిలో వాళ్ళు పరామర్శకి వచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక మాట అనేసి పోయేవాళ్ళు: "ఇంజను వేడి చల్లారకుండా అంత గుడ్డ కప్పితే అంటుకోదూ?"

కప్పలేదని అమ్మ మొదట్లో చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

కారు కంపెనీ మనిషి వచ్చినరోజు ఎండ మండిపోతోంది. అంత ఎండలోనూ మెడకి టై బిగించుకుని దిగాడు. దిగింది అచ్చం అదే మోడల్ కారులోంచి. రంగు ఒక్కటే తేడా. నాన్న ఆ కారువైపు చూసి తల తిప్పుకున్నాడు.

టై సారు కాలిన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫోటోలు తీసుకుని, బానెట్ మీంచి రెండు వేళ్ళతో ఏదో పైకెత్తాడు. ఒక కాలిన నీలం పేలిక. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదేంటండీ?"

"ముసుగు" అన్నాడు నాన్న.

"మా కంపెనీదా?"

"కాదు. మా ఆవిడ కుట్టింది."

"అదీ సంగతి" అన్నాడాయన, జబ్బేంటో దొరికిన డాక్టరులా.

లోపలికొచ్చి కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి, రికార్డు నొక్కాడు. "ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. నాన్న నిద్రపోతున్నానన్నాడు. బాబాయి స్నానం అన్నాడు. నానమ్మ, "బఠాణీలు వలుస్తున్నాను బాబూ, అవి కూడా మీ కారులోనే పోయాయి, అది కూడా చెప్పు దాంట్లో" అంది.

"ఈ అమ్మాయి?"

"అది మా మౌనస్వామి. అడిగినా చెప్పదు, కొట్టినా చెప్పదు" అన్నాడు బాబాయి. టై సారు చిన్నగా నవ్వి అమ్మవైపు తిరిగాడు. పిల్ల గుమ్మం పక్కనే నిలబడింది.

"చూడండమ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి, ఫోను ఆపి. "కారులో లోపం అంటే మా ఇంజనీర్లు ఒప్పుకోరు. మీరు తిరుగుతూనే ఉంటారు, మీ చెప్పులు అరుగుతాయి, అంతే. అదే, పొరపాటున వేడి ఇంజను మీద గుడ్డ కప్పాను అని మీరు చెప్పేస్తే, పాపం తెలియక చేశారు అని రాసి, మంచితనం కింద మావాళ్ళు ఇంకో కారు ఇచ్చేలా నేను చూస్తాను. మాట్లాడతాను. గట్టిగా మాట్లాడతాను."

నాన్న అమ్మవైపు చూశాడు. అమ్మ ఆ చూపుని చదివేసింది. చీర కొంగు చేతికి చుట్టుకుని, "సరే, నొక్కండి" అంది.

ఆయన నొక్కాడు.

"ఆయన వచ్చి పడుకున్నారు. నేను... నేను ముసుగు..."

ఆ గొంతు పిల్ల ఎప్పుడూ వినలేదు. తప్పుడు కొలత తీసి ఒకరి గుడ్డ పాడుచేసినప్పుడు కూడా అమ్మ అలా మాట్లాడదు. "నావల్లే పోయింది, కొత్త గుడ్డ తెచ్చి కుట్టిస్తా" అని తలెత్తి చెబుతుంది. ఇప్పుడు చెయ్యని దానికి తల దించుకుంటోంది. ఇంకో కారు వస్తే వస్తుంది. నాన్న దాన్ని తుడిచిన ప్రతిసారీ అమ్మ ఇలాగే తల దించుకుంటుంది.

"కప్పలేదు" అంది పిల్ల.

అందరూ తిరిగి చూశారు. గొంతు తనదేనా అని పిల్లకే అనుమానం వచ్చింది.

"అమ్మ కప్పలేదు. ముసుగు మిషన్ మీద ఉంది. ఒక చివర నేనే పట్టుకున్నాను. ముందు పొగ వచ్చింది. తర్వాతే అమ్మ దాన్ని తీసుకెళ్ళి మంట మీద వేసింది, ఆర్పడానికి."

టై సారు వేలు ఫోను మీద పడింది. రికార్డు ఆగింది. "పిల్లలు తల్లిని వెనకేసుకు రావడం సహజమేనమ్మా."

"ఆపారెందుకు? పెట్టండి" అంది పిల్ల. "వాళ్ళందరి మాటా తీసుకున్నారు. నేనూ ఇంట్లోనే ఉన్నాను."

"ఏయ్, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే..." అని నాన్న లేవబోయాడు.

బాబాయి తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన ఫోనుకి అలసటొచ్చినట్టుంది అన్నయ్యా. నాది కొత్తది. చెప్పు మౌనస్వామీ, ఇన్నేళ్ళదీ కలిపి చెప్పెయ్."

పిల్ల చెప్పలేదు. మిషన్ దగ్గరికి వెళ్ళి, సొరుగులోంచి అయస్కాంతం తీసింది. దానికి పొడుగాటి దారం కట్టి ఉంటుంది. కింద పడ్డ సూదులు ఏరడానికి అమ్మ దాన్ని నేల మీద ఆడిస్తుంది. అది పట్టుకుని పిల్ల వాకిట్లోకి నడిచింది. వెనకే అందరూ వచ్చారు. ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, అమ్మకి తప్ప. అమ్మ చెయ్యి అప్పటికే నోటి మీదికి వెళ్ళింది.

పిల్ల బానెట్ మీది బూడిదలో అయస్కాంతం ఆడించింది. ముందు ఏమీ రాలేదు. టై సారు వాచీ చూసుకున్నాడు. ఇంకొంచెం కిందికి, అంచు పడ్డచోట, నీలం పేలికల మధ్య ఆడించింది. టిక్. ఇంకోటి, టిక్. పైకెత్తితే, మాడి నల్లబడ్డ గుండుసూదులు ముళ్ళపంది ముళ్ళలా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఎలాస్టిక్ కోసం అంచంతా గుచ్చాం. కుట్టడం అవ్వలేదు" అంది పిల్ల. "ఇన్ని సూదులున్న గుడ్డని మా అమ్మ కారు మీద కప్పుతుందా?"

"కప్పడమా!" నానమ్మ ముందుకొచ్చేసింది. "నా గాజులు తీయించింది బాబూ ఈవిడ! గీత పడుతుందని! వీడి బెల్టు వాకిట్లోనే విప్పించేది. సూదుల గుడ్డ ఊరికే కప్పుతుందా? మంట లేచాక తప్ప చచ్చినా కప్పదు!"

"సూదులు ఎప్పుడైనా పడి ఉండొచ్చు. దర్జీ ఇల్లు కదా" అన్నాడు టై సారు. అంటూనే కాలిన పేలికని జేబు రుమాల్లో చుట్టబోయాడు.

"అది మాది. అక్కడ పెట్టండి" అంది అమ్మ.

ఎన్నాళ్ళకో విన్న గొంతు అది. తలెత్తే ఉంది.

"నేను కప్పలేదు సార్. నొక్కండి, నొక్కకపోండి, నా మాట ఇదే. మీ కారు దానంతటదే అంటుకుంది. నేను ఆర్పబోయాను. మీ మంచితనం నాకొద్దు."

"బాగా ఆలోచించుకోండి" అన్నాడాయన నాన్నతో. "మీరు మగవారు, ఇంటి యజమాని. మీరు చెప్పండి."

నాన్న అల్లంత దూరంలో నిగనిగలాడుతున్న ఆ రెండో కారుని చూశాడు. కూతురి చేతిలో నల్లటి సూదులు చూశాడు. ఒక సూది తీసి, వేళ్ళ మధ్య తిప్పి, చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు.

"తోలడానికి జనం కార్లు బోలెడున్నాయి" అన్నాడు. "మా ఆవిడ కప్పలేదంది కదా. కప్పలేదు."

టై సారు పేలికని అక్కడే పడేసి, చేతులు దులుపుకుని, గబగబా వెళ్ళి తన కారెక్కాడు. ఇంకా డోరు వెయ్యలేదు. పిల్ల వెనకే వచ్చి డోరు పక్కన నిలబడింది. చేతిలో అయస్కాంతం అలాగే ఉంది. అది కారుకి తగలకుండా వీపు వెనక్కి పెట్టుకుంది, అలవాటు కొద్దీ.

"సార్."

"ఇంకేంటి?"

"మీదీ అదే కారు. బానెట్ అంచు, అద్దం కింద, ఎడమవైపు సందు. మాకు పొగ మొదట అక్కడే వచ్చింది. మీరు రోజూ తిరుగుతారు కదా, చూసుకోండి. మీ కారుకి ముసుగు కూడా లేదు, రేపు ఎవరి మీద చెబుతారు?"

వెనక బాబాయి గట్టిగా నవ్వేశాడు. టై సారు నవ్వలేదు. తాళం మీద ఉన్న చెయ్యి అలాగే ఆగింది. ఆయన చూపు, ఆయన వద్దనుకుంటున్నా, అద్దం కిందికి, ఎడమవైపుకి, ఒక్కసారి వెళ్ళొచ్చింది. పిల్ల అది చూసింది. తను చూసిందని ఆయనా చూశాడు.

"జరుగు" అన్నాడు.

పిల్ల జరగలేదు. ఆయన దాని ముఖం మీదే ధడాలున డోరు వేసుకున్నాడు.