ఆపమనే సైగ

దోహాలో మబ్బులకు వీపు రుద్దే మేడల్లో సగం నా ఈల మీదే లేచాయి. నేనొకసారి ఊదితే క్రేను కొంగలా మెడ వంచేది. గట్టిగా ఊదితే సముద్రం కూడా కాస్త వెనక్కి జరిగేదని చూసినవాళ్ళు చెబుతారు. సరే, నా గొప్పలు ఎక్కడికీ పోవు. ముందు ఓబులయ్య సంగతి వినండి.

ఆ గురువారం పొద్దున అల్ ముంతజా సైటులో ఓబులయ్య మెడలో వేలాడే ఈలను తలగుడ్డ కొసతో తుడుచుకుంటున్నాడు. రోజూ చేసే పనే. పొట్టి మనిషి, ఎండుచేపలా బిగిసిన ఒళ్ళు. హెల్మెట్ పట్టీ కింద చర్మం గోధుమరంగు, మిగతా మొహమంతా కాల్చిన వంకాయ. ఏళ్ళ తరబడి పైకి చూసీ చూసీ ఎడమకన్ను సగం మూసుకుపోయింది. ఒకప్పుడు ఎర్రగా ఉండే అతని జాకెట్టు వెలిసి కడిగిన ఉల్లిపొరలా అయింది. ఆ ఎండ అలాంటిది. ఇనుపరేకు మీద దోశ పోస్తే తిరగేసే పని లేదు, రెండోవైపు అదే సిగ్గుపడి ఎర్రబడేది.

ఓబులయ్య పని క్రేనుకు సైగ చెయ్యడం. పైన అద్దాల గదిలో కూర్చుని క్రేను నడిపేది నిజామాబాద్ ముఖ్తార్. అంత ఎత్తు నుంచి అతనికి కింద ఏది ఎక్కడుందో తెలియదు, ఓబులయ్య చేతులే ఆనవాలు. ఈ పనిలో ఒక నియమం ఉంది. ఎత్తు, దించు, తిప్పు అని చెప్పే హక్కు ఒక్కడిదే. ఆపు అనే సైగ మాత్రం ఎవడైనా చెయ్యొచ్చు, చాయ్ తెచ్చేవాడైనా సరే. అరచెయ్యి పైకి లేచిందంటే క్రేను ఆగి తీరాలి. అనుమానం వస్తే ఆపు. ఆపినందుకు ఎవడూ చావలేదు. ఓబులయ్య ఎముకల్లోకి ఇంకిన వేదాంతం ఇదే.

అసలు వేదాంతం వేరే ఉంది. రాయచోటి పక్కన మేకలు కాసుకునే రోజుల్లో భార్య శివకుమారికి జబ్బు చేసి, ప్రార్థనలో నెమ్మదించిందట. మొగుడూ పెళ్ళాలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఖతర్ వచ్చాడు. క్యాంపులో తన గదిలోనే నలుగురితో ప్రార్థన మొదలుపెట్టాడు. నలుగురూ గది పట్టనంతమంది అయ్యారు. చదువు లేదు, పదవి లేదు, వయసు చూసి అంతా పెద్దన్న అన్నారు. కంపెనీ మారాలా, ఇంటికి పోవాలా, పుట్టిన పిల్లకు ఏం పేరు పెట్టాలి అని వచ్చి అడిగేవారు. ఓబులయ్య మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసి, చాలాసేపటికి చెప్పేవాడు. పది మాటల్లో తొమ్మిది మాటలు ఒకటే: "ప్రభువు ఆగమంటున్నాడు నాయనా."

"పాస్టర్ సాబ్, మీ దేవునికి బ్రేకొక్కటే ఉన్నదా? ఎక్సిలేటర్ పెట్టుడు మర్చిపోయిండ్రా?" అని ముఖ్తార్ వాకీటాకీలో నవ్వేవాడు.

"పన్జూడు సామీ," అనేవాడు ఓబులయ్య. అతనికీ నవ్వొచ్చేది.

ఆ గురువారం మాత్రం నవ్వు లేదు. చాయ్ ముట్టలేదు. గేటు వైపు చూడటం, ఈల తుడవడం.

"ఏమైంది పాస్టర్ సాబ్? ఇయ్యాల మొకం గట్లున్నది?" క్రేను ఎక్కబోతూ ముఖ్తార్ అడిగాడు.

"అమర్నాథ్ పోతాండాడు. వాన్తో ఒక మాట సెప్పల్ల."

"చెప్పరాదు మరి. మాటకు ఫులూస్ అడుగుతరా ఎవలన్న, పైసలు?"

ఆ మాట ఏమిటో ముఖ్తార్‌కు తెలియదు. మీకు చెబుతాను.

అమర్నాథ్ జగిత్యాల వైపు పిల్లవాడు, పిల్లవాడంటే పెళ్ళయినవాడే. కంజీర వాయిస్తాడు. అతను కంజీర పట్టుకుంటే పాట రాని మేస్త్రీలు కూడా నోరు తెరిచేవారు, ఆ గది ఇనుపమంచాలు కూడా తాళం వేసేవి. ఈస్టర్ దగ్గరపడుతుండగా ఊళ్ళో వాళ్ళమ్మ చిన్నవ్వ మంచాన పడింది. కంపెనీ లీవు ఇచ్చింది. ఇంటి నుంచి భార్య చరిత, "అత్తమ్మ నీ పేరే అంటున్నది" అని ఫోను చేసింది. పోవాలా, పండుగయ్యాక పోవాలా అని అతను పెద్దన్నను అడిగాడు.

ఓబులయ్య మోకరించాడు. విన్నాడు. ఏమీ వినపడలేదు. ఏసీ గురగుర తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో అతనికి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు అతని చెయ్యి చేసే పని ఒకటే. అరచెయ్యి పైకి లేచింది. ఈస్టర్ పాటలకు కంజీర లేకపోతే ఎలా అన్న ఆశ కూడా ఆ చేతికి కాస్త సాయం పట్టింది.

"ఆగమంటున్నాడు నాయనా."

అమర్నాథ్ ఆగాడు. చిన్నవ్వ ఆగలేదు. పండుగకు ముందే పోయింది. సమాధి చేస్తుంటే అమర్నాథ్ ఫోనులో చూశాడు, మట్టి వేసే వేళకు బొమ్మ నిలిచిపోయింది. అతను ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఓబులయ్యను అసలే అనలేదు. "దేవుని చిత్తం" అని ప్రార్థనకు రావడం మానేశాడు. నాలుగు తిట్టినా ఓబులయ్య తట్టుకునేవాడు. తను చేసిన తప్పు ఆ పిల్లవాడు దేవుడి లెక్కలో రాసుకున్నాడు, అదే తట్టుకోలేకపోయాడు. ఇప్పుడు అమర్నాథ్ పని వదిలి శాశ్వతంగా ఇంటికి పోతున్నాడు. అతను విమానం ఎక్కేలోపు చెప్పాలి: దేవుడు ఏమీ అనలేదు, అన్నది నేను.

అమర్నాథ్ సామాన్లు అప్పజెప్పడానికి సైటుకు వచ్చాడు. గేటు బయట క్యాంపు వ్యాను ఆగింది. స్టోరులో హెల్మెట్, బెల్టు, బూట్లు ఇచ్చాడు. వాటి పక్కన కంజీర పెట్టాడు. ఆ స్టోరులో కూర్చున్న ముసలాడు ఎవరనుకున్నారు? నేనే, పోశన్నను. ఈలలు ఊదినవాణ్ణి కాదు, ఈలలు పంచినవాణ్ణి. నా జన్మలో నేను ఎత్తినదల్లా చాయ్ గ్లాసు. సముద్రం సంగతి ఇక అడక్కండి.

"ఇది కంపెనీది కాదు బిడ్డా. నీదే," అన్నాను.

"ఉండనీ తాతా. వాయించ బుద్ధయితలేదు."

"ఊళ్ళె వాయిస్తవు తీయ్."

"ఎవలికోసం? అమ్మ మంచంల ఉన్నప్పుడు ఆగుమన్నడు దేవుడు. ఇగ ఆయనకు నా పాటెందుకు?"

అంత మెత్తగా అన్నాడు. నేను కంజీరను తీసి హెల్మెట్ల పక్కన మేకుకు తగిలించాను.

అతను స్టోరు నుంచి బయటకు రావడం ఓబులయ్య చూశాడు. సరిగ్గా అప్పుడే ఇనుపచువ్వల కట్ట నేల వదిలి సగం దారిలో ఊగుతోంది. సైగ చేసేవాడి కన్ను బరువు మీద నుంచి కదలకూడదు. కట్ట కింద మనుషులున్నారు. అమర్నాథ్ కాసేపు నిలబడి పెద్దన్న వైపు చూశాడు. పెద్దన్న చెయ్యి పైపైకి తిరుగుతూనే ఉంది, ఎత్తు, ఎత్తు. వ్యాను హారన్ కొట్టింది. అమర్నాథ్ వెళ్ళిపోయాడు.

కట్ట పైకప్పు మీద కూర్చుంది, కొక్కెం విడిపించారు. ఓబులయ్య పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ బూట్లతో, ఈల గుండె మీద కొట్టుకుంటుంటే. వ్యాను కిటికీ దగ్గరికి చేరుకుని అద్దం పట్టుకున్నాడు.

"అమర్నాథూ, దేవుడేం సెప్పలేదబ్బా. ఆగమనింది నేను. నాకేం ఇనపడలే ఆ పొద్దు."

అమర్నాథ్ అతని మొహంలోకి చూశాడు. "ఎరుకే పెద్దన్నా," అన్నాడు. "పైలంగుండు."

వ్యాను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు మళ్ళింది.

మర్నాడు శుక్రవారం ప్రార్థనలో నేను వెనక కూర్చున్నాను. నేను అందరు దేవుళ్ళకూ దండం పెట్టేవాణ్ణి, వాళ్ళ బిస్కట్లకు ఇంకాస్త వంగి పెట్టేవాణ్ణి. తాపీపని గంగాప్రసాద్ లేచి, కంపెనీ మారనా వద్దా, ప్రభువును అడుగు పెద్దన్నా అన్నాడు. ఓబులయ్య మోకరించాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నాకేం ఇనపడలే నాయనా. అందరం కూసోని ఇందాం పా."

అందరూ కూర్చున్నారు. అందరికీ ఏసీ వినపడింది. ఆ రోజు నుంచి ఆ గదికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కువసేపు కూర్చునేవారు.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. నేను అబద్ధాలకోరునే గానీ, ఓబులయ్య పేరు పెట్టుకుని ఆడిన అబద్ధం నా గొంతు దిగడం లేదు. శుక్రవారం సంగతి నిజం. కంజీర నిజం. వ్యాను దగ్గర మాటలు నేను అల్లినవి. ఓబులయ్య గేటు చేరేసరికి వ్యాను కదిలింది. అతను రోడ్డు మధ్య నిలబడి, ఊపిరందక, అరచెయ్యి పైకెత్తాడు. క్రేను అయితే ఆగేది. డ్రైవరుకు ఆ నియమం తెలియదు. వీడ్కోలు చెబుతున్నాడనుకుని అమర్నాథ్ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపాడు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఊరి నంబరు తెచ్చుకుని చాలాసార్లు చేశాడు. "బాగుండావా నాయనా" దాకా వచ్చేవాడు, అక్కడ ఆగిపోయేవాడు. నేను ఇంటికి వచ్చేసే నాటికీ అంతే.

కంజీర అప్పటికీ స్టోరులో హెల్మెట్ల పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. సముద్రపు తేమకు దాని తోలు వదులైపోయింది, ఎవరూ ఎండకు పెట్టలేదు.